పక్క గుమ్మం

మరదలు పిల్లకు,

వదిన ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గానీ ఈసారికి ఆ మాట రాయలేను.

ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా వదినా" అంటూ సగంలో కట్ చేస్తావు. అందుకే ఉత్తరం. దీన్ని సగంలో ఆపితే మిగతా సగంలో ఏం తిట్టానో అని నీకే నిద్ర పట్టదు.

మా వీధి బ్యాంకు మూసేస్తున్నారు. తలుపు మీద కాగితం అంటించారు. "ఖాతాదారులు ఇకపై పక్క ఊరి శాఖకు వెళ్ళగలరు" అని రాశారు. వెళ్ళగలరని రాసిన మహానుభావుడు మేడమీది మామ్మను చూసి ఉండడు. ఆవిడకు మెట్లు దిగి బ్యాంకు దాకా రావడానికే సగం పూట పడుతుంది. ఇప్పుడు బస్సెక్కి వెళ్ళి పెన్షన్ తెచ్చుకోవాలట.

ఆ కాగితం అంటించమని మేనేజరు ఎవరికిచ్చాడనుకున్నావు? బ్యాంకు కాపలాదారు మీ అన్నయ్యకే. తన ఉద్యోగం పోయిందన్న కాగితాన్ని తనే, వంకర రాకుండా, నాలుగు మూలలా జిగురు రాసి మరీ అంటించారు. ఇంటికొచ్చి "నున్నగా వచ్చింది" అన్నారు.  

నా జిరాక్సు కొట్టు బ్యాంకు గోడను ఆనుకునే ఉందిగా. బ్యాంకు పోతే నేనెవరికి తీయాలి జిరాక్సులు, గోడకా? ఎదురుగా టీ కొట్టతనిదీ అదే ఏడుపు. మీ అన్నయ్యా నేనూ ఒకేసారి ఖాళీగా కూర్చుంటే ఈ ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తోచడం లేదు.

నువ్వు ఆ హెడ్డాఫీసులోనే ఏదో నోరు తిరగని పేరున్న విభాగంలో ఉంటావు కదా. ఇది ఎవరి పనో కనుక్కుని, నా తరఫున నాలుగు చివాట్లు పెట్టి రా.

ఇట్లు,
నీ వదిన

తా.క.: చివాట్లు గట్టిగా పెట్టు. నీకు మొహమాటం ఎక్కువ.

* * *

వదినకు,

నమస్కారాలు. ముందు ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి చదువు.

ఎవరి పనో కనుక్కున్నాను. నా పనే.

తిట్టే ముందు మిగతాది కూడా విను. మా విభాగం పని శాఖలకు ఎంతమంది వస్తున్నారో చూడటం. ప్రతి శాఖ పెద్ద తలుపు పైన ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది. వచ్చే పోయే తలల్ని అది లెక్కపెట్టి మాకు పంపుతుంది. తలలు లేని శాఖల జాబితా నేను పైకి పంపుతాను. మీ శాఖకు రెండేళ్ళుగా రోజుకు ఒక్క తలే వస్తోంది. పొద్దున్నే వస్తుంది, సాయంత్రం పోతుంది. జాబితాలో మీ ఊరి పేరు చూసి నా గుండె గుభేలుమంది వదినా. కానీ అన్నయ్య ఉద్యోగం కోసమని నేను ఆ పేరు కొట్టేస్తే నా ఉద్యోగం పోతుంది.

డబ్బు లావాదేవీలు చూడరా అని అడుగుతావేమో. చూస్తారు, వేరే అంతస్తులో. వాళ్ళకూ మాకూ మాటల్లేవు.

రోజూ వచ్చే ఆ ఒక్క మనిషి గురించి మా పెద్దసారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఎంత నమ్మకమయ్యా ఆ మనిషికి మన బ్యాంకంటే" అని, ఆయనకు ఒక ప్రశంసాపత్రం పంపించారు.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న
నీ మరదలు

తా.క.: ఆ మనిషెవరో తెలుసా? పాపం, ఇంట్లో ఎవరూ లేనివాడేమో.

* * *

మరదలు పిల్లకు,

తిట్లన్నీ విడిగా దాచి ఉంచాను, వచ్చినప్పుడు వడ్డిస్తాను.

ఇంట్లో ఎవరూ లేని ఆ మనిషి మీ అన్నయ్య. ఇంట్లో నేనున్నాను. ప్రశంసాపత్రం అందింది. "మా అత్యంత విశ్వసనీయ ఖాతాదారుకు" అని బంగారు అక్షరాల్లో ఉంది. పెద్ద తలుపులోంచి వచ్చేది నువ్వొక్కడివే కాబట్టి ఇది నీదేనని మేనేజరు చేతిలో పెట్టాడట. అటకెక్కించమంటే వినకుండా ఫ్రేము కట్టించుకొచ్చారు.

ఆ నల్ల డబ్బా దోమల్ని చంపేదనుకుని మీ అన్నయ్య రోజూ గుడ్డతో తుడుస్తున్నారు. తలలు లెక్కపెడుతుందని చెప్పాల్సింది బ్యాంకు వాళ్ళు కాదూ?

అయినా ఆ తలుపులోంచి ఎవరొస్తారు? దానికున్న స్ప్రింగు సంగతి నీకు తెలీదు. తోసుకుని లోపలికి అడుగు పెట్టామో లేదో వెనక నుంచి వచ్చి మడమ మీద కొడుతుంది. పైగా మెట్టు ఎత్తు. అందుకే ఊరంతా నా కొట్టులోంచి వస్తుంది. నా కొట్టుకూ బ్యాంకుకూ మధ్య ఒక పక్క గుమ్మం ఉంది. చల్లగా, చదునుగా ఉంటుంది. "ఇటు రండమ్మా, ఇటు రండి బాబాయిగారూ" అని నేనే పిలిచి అలవాటు చేశాను. ఎలాగూ నా ముందు నుంచే వెళ్తారు గనక ఓ జిరాక్సు తీసుకుంటారు, ఓ కవరు కొంటారు. నాకూ బేరం సాగాలిగా.

జనం మాత్రం కిటకిటలాడుతూనే ఉన్నారు. మీ డబ్బాకు కళ్ళు కనపడకపోతే మేమేం చేస్తాం?

ఇట్లు,
నీ వదిన

తా.క.: అత్యంత విశ్వసనీయ ఖాతాదారుకు మీ బ్యాంకులో ఖాతా లేదు. ఆయన డబ్బు పోస్టాఫీసులో ఉంది. "రోజంతా దీన్ని దగ్గరుండి చూస్తున్నవాణ్ణి, నాకు తెలీదా" అంటారు.

* * *

వదినకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి గట్టిగా నవ్వాను. ఆ తర్వాత భయమేసింది.

నీకు ఇంకా వెలగలేదా? డబ్బా ఉన్నది పెద్ద తలుపు మీద. ఊరు వస్తున్నది నీ గుమ్మంలోంచి. శాఖను మూయించింది నేను కాదు, నువ్వు. రెండేళ్ళుగా "ఇటు రండమ్మా" అంటూ మొగుడి ఉద్యోగానికి చక్కగా ఎసరు పెట్టావు.

ఈ మాట పెద్దసారుకు చెబుదామని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళాను. నేను చెబితే చుట్టరికం అంటారు. డబ్బా చెబితే వేదం అంటారు. కాబట్టి డబ్బాతోనే చెప్పించాలి. కాగితం అంటించినా తుది నిర్ణయానికి ఇంకా వారం గడువుంది. నేను విప్పి చెప్పకూడదు గానీ, నువ్వు తెలివైనదానివి.

ఇట్లు,
ఏమీ చెప్పని
నీ మరదలు

తా.క.: ఈ ఉత్తరం చదివి చించెయ్. జిరాక్సు తీయకు.

* * *

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం చదివాను. నా నోరే నా కొంప ముంచిందన్నమాట. ఏడుపొచ్చింది. తర్వాత ఏడుస్తూ కూర్చుంటే కాదని లేచి, పక్క గుమ్మానికి అడ్డంగా బీరువా జరిపి, "దారి లేదు, పెద్ద తలుపులోంచి వెళ్ళండి" అని బోర్డు పెట్టాను. ఆ రోజు ఒక్క కవరు అమ్ముడుపోలేదు. పోనీలే.

డబ్బా సంగతి నలుగురి చెవినా వేశాను. ఇక మా వీధి చేసిన పని వింటే నువ్వు మురిసిపోతావు. సాయంత్రాలు నడకకు వెళ్ళే రిటైరైనవాళ్ళంతా నడకను బ్యాంకులోకి మార్చారు. పెద్ద తలుపులోంచి లోపలికి, కౌంటరు చుట్టూ తిరిగి బయటికి, మళ్ళీ లోపలికి. టీ కొట్టతను ట్రే మానేసి టీని ఒక్కో కప్పే మోసుకెళ్తున్నాడు. మంగలి షాపు నుంచి ఒకాయన ఒక చెంప గీయించుకుని ఓ చుట్టు చుట్టి, వెళ్ళి రెండో చెంప గీయించుకున్నాడు.

మీ అన్నయ్య రోజంతా ఆ స్ప్రింగు తలుపును భుజంతో ఆపి నిలబడుతున్నారు. మేడమీది మామ్మ ఊరుకుంటేనా. "నా తల తల కాదా" అని పేచీ పెడితే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మోసుకెళ్ళారు. బయటికి తెస్తే "ఇంకోసారి" అంది.

క్యాషియరుకు మాత్రం తల తిరిగిపోతోంది. "ఎవరికీ డబ్బు వద్దు, చలానా వద్దు, మరి ఎందుకొస్తున్నారమ్మా" అని అడిగాడు. "మీ మీద అభిమానం" అన్నాను. పాపం, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇట్లు,
కాళ్ళు లాగేస్తున్న
నీ వదిన

తా.క.: నేనూ చాలాసార్లు తిరిగాను. నా తల విడిగా తెలుస్తుందా, లేక అందరిలో కలిసిపోతుందా?

* * *

వదినా,

కొంప మునిగింది. అందరినీ ఇళ్ళకు పంపెయ్.

పెద్దసారు మీ లెక్క చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. రోజుకు ఒక్క తల వచ్చే శాఖలో, మూసేస్తున్నామన్న కాగితం అంటించాక, ఊరు ఊరంతా ఎగబడుతోంది. దానికి ఆయనకు తోచిన అర్థం ఒక్కటే. జనం భయపడి డబ్బంతా వెనక్కి తీసేసుకుంటున్నారని. ఒకచోట మొదలైతే అన్ని ఊళ్ళకూ పాకుతుందని చెమటలు పట్టాయి. రేపే ఒక ఇనుప వ్యాను నిండా డబ్బు నింపుకుని, తుపాకుల వాళ్ళను వెంటపెట్టుకుని ఆయనే స్వయంగా వస్తున్నారు.

ఎవరూ కదలొద్దు. అందరినీ ఇళ్ళల్లో మామూలుగా ఉండమను.

నీ మరదలు

తా.క.: ఫోన్ చేద్దామంటే పెద్దసారు నా పక్కనే కూర్చున్నారు, ఫైలు రాస్తున్నట్టు నటిస్తూ ఇది రాస్తున్నాను. వ్యానుకంటే ముందు ఉత్తరం అందుతుందని ఆశ.

* * *

మరదలు పిల్లకు,

అందలేదు. వ్యాను ముందొచ్చింది, దాని వెనకే సైకిల్ మీద నీ ఉత్తరం వచ్చింది.

ఇనుప వ్యాను బ్యాంకు ముందు ఆగగానే వీధి మొత్తం కొయ్యబారిపోయింది. మూసేసే ముందు మన డబ్బు ఎత్తుకుపోవడానికి వచ్చారని టీ కొట్టతను అన్నాడు. అంతే. అప్పటిదాకా ఉత్తినే తిరిగినవాళ్ళు పాసుపుస్తకాలు పట్టుకుని పరుగెత్తారు. మీ పెద్దసారు మెట్టెక్కి "బాబూ, మేం డబ్బు తెచ్చాం" అని మొత్తుకున్నారు. "తెచ్చేవాళ్ళయితే ఈ కాగితం ఎందుకు అంటించారు" అని మంగలి అడిగాడు. ఆయన వెనక్కి తిరిగి లోపలికి అడుగేశారో లేదో స్ప్రింగు తలుపు మడమ మీద కొట్టింది.

మీ అన్నయ్యే ఆయన్ను మోసుకొచ్చి నా కొట్టులో కూర్చోబెట్టారు. బీరువా పక్కకు జరిపి గుమ్మం తీశాను. సాయంత్రం దాకా ఆయన ఆ కుర్చీలోంచే మొత్తం చూశారు.

క్యాషియరు అందరి డబ్బూ అందరికీ ఇచ్చేశాడు. ఇచ్చాక చూడాలి మా వాళ్ళ మొహాలు. ఇంత డబ్బు ఇంట్లో ఎక్కడ పెట్టాలో ఒక్కరికీ తెలీదు. మంగలి తన మూట మీద కూర్చుని గడ్డాలు గీయడానికి లేవనన్నాడు. టీ కొట్టతను దూరపు చుట్టాన్ని కూడా అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు. చీకటి పడకముందే ఒక్కొక్కరూ వచ్చి, సిగ్గుపడుతూ, మళ్ళీ అదే కౌంటర్లో కట్టేశారు.

చివర్న మామ్మ వచ్చింది. మీ పెద్దసారు పక్కనే కూర్చుని అంది: "నాయనా, ఇక్కడైతే నన్ను చూడగానే ఈ కాపలా అతను కుర్చీ వేస్తాడు. క్యాషియరు నా మోకాళ్ళ సంగతి అడుగుతాడు. నాకు ఇంకెవరూ లేరు. పక్క ఊళ్ళో నన్నెవరు గుర్తుపడతారు?"  నేను జిరాక్సు యంత్రం తుడుస్తున్నట్టు అటు తిరిగాను.

తర్వాత ఆయన నన్ను అడిగారు, జనం మామూలుగా ఏ దారిన వస్తారమ్మా అని. నిజం చెప్పేశాను. మీ అన్నయ్య వెళ్ళి ఫ్రేముతో సహా ప్రశంసాపత్రం తెచ్చి చూపించారు. ఆయన దాన్నీ, మీ అన్నయ్య యూనిఫాంనూ మార్చి మార్చి చూసి, "హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వస్తుంది" అన్నారు. మంచిదో చెడ్డదో చెప్పలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

ఇట్లు,
నీ వదిన

తా.క.: వెళ్తూ వెళ్తూ, ప్రస్తుతానికి ఆ కాగితం పీకెయ్యమన్నారు. నాలుగు మూలలా జిగురు రాశారుగా, రావడం లేదు.

* * *

వదినకు,

ముందు అన్నం తిను. శాఖ మూయడం లేదు. అన్నయ్య ఉద్యోగం ఉంది. ఒక్కరోజులో అంత డబ్బు కట్టించుకున్న శాఖ ఇంకోటి లేదని వేరే అంతస్తు వాళ్ళు స్వయంగా కిందికి దిగివచ్చి చెప్పారు. క్యాషియరు ఎక్కడికీ కదలక్కర్లేదు. స్ప్రింగు మారుస్తారు. మామ్మకు చెప్పు, ఆవిడ కుర్చీ ఆవిడదేనని.

ఇక నా సంగతి. పెద్దసారు మడమకు కట్టుతో తిరిగొచ్చి, ఆ డబ్బాలు ఎంతవరకు నిజం చెబుతాయో ఇక్కడే తేలుస్తానన్నారు. మాకు చెప్పకుండా హెడ్డాఫీసులో ప్రతి విభాగం తలుపు మీదా ఒకటి బిగించారు. మా విభాగం పెద్ద తలుపు లిఫ్టుకు దూరం. అందుకని మేమంతా ఎప్పుడూ క్యాంటీను వైపు తలుపులోంచే వెళ్తాం. టీ కూడా దారిలోనే దొరుకుతుంది.

అర్థమైందిగా. మా విభాగంలోకి వారం మొత్తంలో ఒక్క తల కూడా రాలేదు.

పెద్దసారు నవ్వారు. కానీ ఆయన పైన ఇంకా పెద్దసార్లు ఉంటారు, వాళ్ళు నవ్వలేదు. డబ్బా చెబితే వేదమని నేనే అన్నాను కదా. మా విభాగం మూసేశారు. ఆ కాగితం తలుపుకి అంటించమని నాకే ఇచ్చారు. జిగురు రాస్తుంటే అన్నయ్య గుర్తొచ్చి నేనూ నాలుగు మూలలా రాశాను వదినా. రెండేళ్ళు కూర్చున్న చోట ఎన్ని ఊళ్ళ పేర్లు పైకి పంపానో, ఎంతమంది ఇలా జిగురు రాశారో, ఒక్కసారీ ఆలోచించలేదు. నాది వంకరగా వచ్చింది.

నన్ను బయటికి గెంటలేదు. మీ మేనేజరు బదిలీ అడిగాడట, ఆ కుర్చీలో నన్ను వేశారు. వచ్చే సోమవారం చేరుతున్నాను. గది వెతకొద్దు, మీ ఇంట్లోనే ఉంటాను. దాచిన తిట్లు రోజుకు కొన్ని చొప్పున వడ్డించు.

ఇట్లు,
నీ మరదలు,
మీ శాఖ మేనేజరు

తా.క.: నల్ల డబ్బా తీసెయ్యడానికి నాకు అధికారం లేదు, జరపడానికి ఉంది. నీ పక్క గుమ్మం పైన ఎక్కడ బిగిస్తే బాగుంటుందో అన్నయ్యను చూసి ఉంచమను. నువ్వు మాత్రం ఇదివరకటిలాగే "ఇటు రండమ్మా" అంటూ ఉండు, ఇంకాస్త గట్టిగా. ఇంకోమాట. నేను చేరిన రోజు మొదట తెరిచే ఖాతా ఎవరిదో ఆ అత్యంత విశ్వసనీయ ఖాతాదారుకు చెప్పు. పోస్టాఫీసు పుస్తకం పట్టుకుని రమ్మను.