కండ్లు మూసుకున్న సంఘం

1996 ఫిబ్రవరి 4, ఆదివారం

మనోహర్‌ను చర్చి వాకిట్లో నరికినారు. అవతల పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చుంటానన్నాడు, అంతే వాడు చేసిన తప్పు. ఆఖరి ప్రార్థన నేనే చేయిస్తాండా. కేక వినపడి కండ్లు తెరిచినా. కొడవలి పట్టుకున్నోడు రంగన్న, ఊరిని ఏలే పార్టీ పెద్దాయన జీపు డ్రైవరు. వాడూ నన్ను చూసినాడు.

ఫిబ్రవరి 5

జమ్మలమడుగు సి.ఐ. వచ్చి అందరినీ అడిగినాడు. నలభై మందిదీ ఒకటే మాట: ప్రార్థనలో ఉంటిమి సార్, కండ్లు మూసుకోని ఉంటిమి. ఆ మాట మొదట అన్నది నేనే. ముప్పై ఏండ్లుగా పాస్టర్‌ను. థూ, నా బతుకు.

ఫిబ్రవరి 6

మనోహర్‌ను పూడ్చినాం. వాక్యం చదువుతా వాడి పెండ్లాం రాములమ్మ దిక్కు చూడలేకపోయినా.

ఫిబ్రవరి 9

పెద్దాయన పిలిపించి కాఫీ ఇప్పించినాడు. దేవుడు అల్లరికి కర్త కాడని మీ గ్రంథంలోనే ఉందంట గదా అయ్యా, ఆదివారం అది చెప్పు, ఎవరూ అల్లరి చేయకుండా చూసుకో అన్నాడు. తలూపి వచ్చినా.

ఫిబ్రవరి 10, ఉదయం

పాస్టర్ చదువు చదివిన నాటి సెమినరీ నోట్సు తీసినా. పౌలు కొరింథు సంఘానికి రాసిన ఆ వాక్యంలో అల్లరి అనే మాట గ్రీకులో అకటస్టాసియా. ఇన్నేండ్లూ దాన్ని పిలకాయల్ని గదమాయించడానికే వాడుకుంటి. నోట్సులో మా సార్ చెప్పింది వేరే. ఏదీ ఉండాల్సిన చోట నిలబడకపోవడం అంట. పౌలు దానికి ఎదురు పెట్టింది సమాధానం, అంటే శాంతి. నోరు మూసుకోవడం కాదు. యాకోబు కూడా అదే మాట వాడినాడు, కుళ్ళు, నా మనిషి నీ మనిషి అనే వర్గం ఉన్న చోట అది ఉంటాదని.

ఊర్లో ఇప్పుడు గట్టిగా దగ్గేవాడు కూడా లేడు. నలభై మంది వరసగా నిలబడి ఒకే అబద్ధం చెప్పినారు. ఆ వరసలో మొదట నేను. ఇంతకంటే అకటస్టాసియా ఏముంటాది?

భయమైతాంది. నా బిడ్డ రత్నమణి టీచరు, పులివెందులలో ఉంటాది. రోజూ ఒంటరిగా లింగాల బస్సెక్కి బడికి పోతాది. ఆ బస్సు టైం రంగన్నకు తెలుసు.

సాయంత్రం, పులివెందుల

రత్నమణికి అంతా చెప్పి, కొన్నాళ్ళు లీవు పెట్టమన్నా. లీవు పెట్టను నాయనా, నువ్వు చూసింది చెప్పు అనింది. ఏడ్చినా.

ఫిబ్రవరి 11, ఆదివారం

ప్రసంగం చేసే పుల్పిట్ మీద నుంచే రంగన్న పేరు చెప్పినా. నేను ఆడిన అబద్ధం కూడా చెప్పినా.

ఇప్పుడు జమ్మలమడుగు పోలీస్ స్టేషన్ బెంచీ మీద రాస్తాండా. నాతో సాక్ష్యం చెప్పను ఏడుగురు వచ్చినారు. మిగతావాళ్ళు ఇండ్లకు పోయినారు. అయ్యగారూ, ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు అని రాములమ్మ అడిగింది. భయపడినా తల్లీ, ఇప్పుడూ భయమే అన్నా.

లోపలికి పిలుస్తాండారు.