మీరు ఆర్డరిచ్చిన గోల్ఫ్ కర్ర

ఏమండీ,

నేను బాగానే ఉన్నాను. మీరు వెళ్ళిపోయి ఇవాళ్టికి తొమ్మిది నెలల పన్నెండు రోజులు. ఈ మధ్యలో ఊరి పేరు మారింది. మద్రాసు అని రాసిన ఉత్తరాలు కూడా చేరుతూనే ఉన్నాయి... ఇదీ చేరుతుందనే అనుకుంటాను.

మీరు ఆర్డరిచ్చిన గోల్ఫ్ కర్ర వచ్చింది.

నాకు చెప్పనేలేదు మీరు. మీ బుధవారం ఆట జోడీ, పెరంబూరు నాయుడుగారు పొడుగాటి అట్టపెట్టె ఒకటి పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సింగపూరులో ఉన్న వాళ్ళ అల్లుడికి మీరే చీటీ రాసి పంపారట. ఇవ్వాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించి తెచ్చానన్నారు.

మొదటి దెబ్బకు వాడే మీ పాత కర్ర, అదే డ్రైవరు, దాని తల కొయ్యది, పిడికెడంత. దీని తల లోహంది, లోపల డొల్ల, కొబ్బరికాయలో సగమంత ఉంది. అయినా ఎత్తితే పాతదానికన్నా తేలిక. పెట్టెలోని ఇంగ్లీషు కాగితం రెండుసార్లు చదివాను. గొప్ప ఆటగాళ్ళ కోసం కాదు, సగటు ఆటగాళ్ళ కోసమే తయారు చేశారట. బంతి నడిమధ్యన తగలకపోయినా, కాస్త పక్కన తగిలినా, మరీ దారి తప్పకుండా పోతుందట.

నిజం చెబుతున్నాను, నాకు నచ్చలేదు. తప్పు రాసినా మార్కులు వేసే మాస్టరు గుర్తొచ్చాడు.

మీకు నచ్చే ఉంటుంది... పదిహేడేళ్ళు మీ బంతి కుడిపక్క చెట్లలోకే పోయింది కదా. బుధవారం సాయంత్రం కాఫీ తాగుతూ మీరు చెబుతుంటే, పద్దెనిమిది గుంటలకూ దెబ్బల లెక్క రాసింది నేనే. పోయిన బంతులు వేరే పేజీలో రాశాను. "ఏం చేసేదే, నా బంతికి ఆ చెట్లంటే ప్రాణం" అని నవ్వేవారు. ఎన్ని పోయాయో రాశాను గానీ, ఎప్పుడూ కుడికే ఎందుకు పోతాయని ఒక్కసారైనా అడిగానా?

ఇక హేమ సంగతి. మీ మనవరాలికి పద్నాలుగు నిండాయి. మీ పాత కర్రలతోనే ఆడుతోంది. క్లబ్బు పిల్లల జట్టుకు ఎంపిక దగ్గర పడింది. మిగతా ఆట బాగుంది, మొదటి దెబ్బ మాత్రం కుదరడం లేదు, అది సరిపడకపోతే తీసుకోలేమని కోచ్ చెప్పాడు. ఆ రోజునుంచి పిల్ల సరిగా తినడం లేదు. ఆట మానేస్తానని వాళ్ళమ్మతో అందట. అందుకని కొత్త కర్ర దానికే ఇచ్చి, నేనే వెంట వెళ్ళాను. బీచ్ స్టేషన్లో రైలు మారి గిండీ గోల్ఫ్ మైదానం చేరేసరికి ఎనిమిదయింది.

పాతదానితో నలభై బంతులు కొట్టించాను. ఇరవై ఏడు కుడికి పోయాయి. కొత్తదానితో నలభై. పదకొండే పోయాయి. మిగతావి మరీ దూరం పోలేదు గానీ పక్కకు పోకుండా తిన్నగానే పడ్డాయి. అంటే కాగితంలో ఉన్నది అబద్ధం కాదు. కోచ్ సంతోషించాడు. ఇది చాలు, జట్టులోకి వచ్చేస్తుందన్నాడు. నేనూ లెక్క కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి తిరిగి వస్తున్నాను. నేను చూడటం లేదనుకుంది. మీ ఇనుప కర్ర ఒకటి, తల మొన కిందికి వచ్చేలా తిప్పి పట్టుకుని, బంతికి అవతలి పక్కన నిలబడి, ఎడమచేతి వాటంగా కొట్టింది.

ఏం చెప్పను... గీత గీసినట్టు పోయింది. అలా కొట్టడానికి చేసిన కర్ర కూడా కాదది.

అప్పుడు నన్ను చూసింది. మొహం తెల్లబోయింది. "సారీ అవ్వా, చుమ్మా, ఊరికే కొట్టినా. ఇంక కొట్టనవ్వా."

పొద్దుటినుంచి ఎనభై బంతుల్లో అంత మంచి దెబ్బ లేదు. దానికి క్షమాపణ చెప్పిందండీ.

హేమ అక్షరాలు దిద్దే రోజుల్లో బలపం ఎడమచేతిలోంచి తీసి కుడిచేతిలో పెట్టింది నేనే. పసుపు అంగడి నడిపే మనింట పుట్టిన పిల్ల... ఎడమచేత్తో ఇస్తే పసుపు ఎవరు తీసుకుంటారు? మీ అమ్మగారు మిమ్మల్నీ అలాగే మార్చారని, నేనేం కొత్తగా చేయడం లేదని అన్నాను. మీరు వాదించలేదు. "రాసేదానికి కుడిచెయ్యి సరే. ఆడుకునేదానికన్నా వదిలెయ్యవే" అని ఊరుకున్నారు. నేను వినిపించుకోలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో మీరు ఎడమచెయ్యి చాపితే నేను కాఫీ గ్లాసు వదిలేదాన్ని కాదు. చెయ్యి మార్చేదాకా పట్టుకుని నిలబడేదాన్ని. అది క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నాయుడుగారికి కబురు పెట్టాను. వచ్చాక హేమ కొట్టిన దెబ్బ సంగతి చెప్పి, మీ ఆట గురించి అడిగాను. "అమ్మా, మీకు కోపం రాకూడదు. సెట్టిగారు కూడా ఎవురూ లేనప్పుడు కర్ర తిప్పి అట్లానే కొడతా ఉండె, ఆడ చెట్ల వెనకాల. ఏం దెబ్బలమ్మా అవి! మీ చెవిన పడకూడదని నా దగ్గిర ఒట్టేయించుకున్నాడు."

ఆయన వెళ్ళాక అట్టపెట్టె మళ్ళీ తీసి చూశాను. ఆర్డరు చీటీ అందులోనే ఉంది. రైట్ హ్యాండ్ అని మీ చేతిరాతే. సింగపూరులో మీ అమ్మగారు లేరు. నేను లేను. అయినా ఎందుకండీ అలా రాశారు?

రెండు రోజులు ఆలోచించాను. కర్ర మంచిదే. చెయ్యి తప్పితే అది సర్దుతుంది, సగటు మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ హేమ చేతిలో తప్పు లేదు. తప్పు నేను నేర్పింది. దాన్ని సర్దే కర్ర పిల్ల చేతికిచ్చి, జట్టులోకి వచ్చేసిందని నేను సంతోషించాలా?

మీరు కోప్పడరనే నమ్మకంతో ఆ కర్ర నాయుడుగారికి ఇచ్చేశాను. "నాకంటే సగటోడు మీకు యాడ దొరుకుతాడమ్మా" అని మురిసిపోయి తీసుకున్నారు. అదే రకంలో ఎడమచేతిది, ఈసారి విమానంలో వచ్చేవాళ్ళ చేత త్వరగా తెప్పించమన్నాను. అన్నం తినడం, పసుపు కుంకుమ ఇవ్వడం కుడిచేత్తోనే అని హేమకు చెప్పేశాను. అందులో మార్పు లేదు.

ఆ కర్ర మొన్న వచ్చింది. నిన్న పొద్దున నాయుడుగారిని కూడా తీసుకుని గిండీ వెళ్ళాం. హేమ బంతి పెట్టి అటుపక్క నిలబడింది. కర్ర ఎత్తింది, నా వైపు చూసింది, దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ చూసింది. కొట్టమన్నాను. తల ఊపింది గానీ చేతులు రాలేదు. మూడోసారి కూడా అంతే. ఏ చేత్తో ఏది ముట్టుకున్నా ముందు నా మొహం చూడటం దానికి ఊహ తెలిసినప్పటినుంచీ అలవాటు... ఎవరు చేశారు ఆ అలవాటు?

లేచి కుర్చీ తిప్పుకున్నాను. రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చున్నాను. బస్సులు పోతున్నాయి.

తరువాత వెనక చప్పుడైంది. నాయుడుగారు "అబ్బా, ఏం దెబ్బమ్మా!" అన్నారు. ఇంకో చప్పుడు. ఇంకొకటి.

ఎంపిక శనివారం. ఆ రోజు నేను గేటు బయటే కూర్చుంటాను, రోడ్డు వైపు తిరిగి.

మీ
కనకవల్లి