సిన్నపిల్లల ఫోల్డర్

విజయనగరం, మంగళవారం రాత్రి

రేపు మా సంగీత పాఠశాలలో పాత కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసేస్తారు. అందుకే వయొలిన్ మాస్టారి రికార్డింగుల్లో కావలసిన ఫోల్డర్ల పేర్లు ఒక లిస్టులో పెట్టి, నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాం, ఒక బ్యాచ్ స్క్రిప్ట్‌తో నెట్‌వర్క్ మీద కొత్తదానికి కాపీ చేశాను. అది నడిచే నల్ల విండో మూసుకోగానే, తెరిచి చూడకుండానే అయిపోయిందన్నాను. ఈ తొందర నాకు ఎప్పుడు పోతుందో.

మాస్టారు ఒక్కొక్కటీ చూసి, "ఏటమ్మా, సిన్నపిల్లల పాఠాలు రానేదేటి?" అన్నారు.

వెంటనే పాత కంప్యూటర్‌లో వెతికాను. పాతదాంట్లో ఆ ఫోల్డర్ భద్రంగానే ఉంది, కానీ దాని పేరు 'సిన్నపిల్లలు'. లిస్టులో నేను 'చిన్నపిల్లలు' అని రాశాను. ఆ పేరుతో ఏదీ కనబడక స్క్రిప్ట్ వదిలేసింది.

"నాను పలికినట్టే పేరెట్టినాను. తప్పైతే దిద్దీ అమ్మా."

ఫోల్డర్ జోలికి పోలేదు, లిస్టునే దిద్దాను. ఈసారి అన్నీ వచ్చాయి. సరిచూద్దామని, క్యాసెట్ నుంచి ఎక్కించిన ఒక పాత పాఠం తెరిచాను. ఎనిమిదేళ్ల వయసప్పటి నా గొంతు: "మాస్టారూ, సెయ్యి నొప్పెడతన్నాది."

మాస్టారు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ 'చ' ఎప్పుడు నేర్చుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.