సుబ్బన్న పక్కటెముకలు

తిరుపతి,
బుధవారం.

నాయనకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టుకున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

ఆదివారం పడవల రేవు దగ్గరికి వచ్చి, అందరి ముందూ తప్పైందని చెప్పాలని ఊరి పెద్దలు కబురు పెట్టారు. సుబ్బన్న మామ పక్కటెముకలు రెండు విరిచానట. పరాయి మగాడి నోట్లో నోరు పెట్టానట. కన్నతండ్రిని పక్కకు తోశానట. మూడూ నిజమే. అయినా చెప్పను.

పడవ తిరగబడి మామను ఒడ్డుకు తెచ్చినప్పుడు అలవాటుగా నిన్నే పిలిచారు. అక్కడ పులికాట్ సరస్సు ఒడ్డున, మునిగినవాణ్ణి భుజాన తలకిందులుగా వేసుకుని గిరగిరా తిప్పి నీళ్ళు కక్కించేది మన ఇంటివాళ్ళే కదా. "దించు నాయనా, ఆయనకు ఊపిరి లేదు" అన్నాను. "ఆడపిల్లవి, నీకేం తెల్సు, అవతలికి పో" అన్నావు. అందుకే తోశాను. సెలవు మీద ఇంటికొచ్చినంత మాత్రాన, అంబులెన్సులో రోజూ చేసే పని మరిచిపోతానా?

నాడి దొరకలేదు. దాన్ని మేం కార్డియాక్ అరెస్ట్ అంటాం, గుండె ఆగిపోవడం. నోట్లో ఊపిరి ఊదాలి, ఛాతీ మధ్యలో బలం కొద్దీ నొక్కాలి. అలా నొక్కితే ఎముక విరగొచ్చు, అది ఫ్రాక్చర్. వడదెబ్బకు, పాముకాటుకు, కాలిన గాయానికి ఒక్కోదానికీ ఒక్కో పేరు నేర్పారు మాకు. గొప్ప చెప్పుకోవడానికి కాదు, ముందు దేన్ని చూడాలో తెలియడానికి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఆగిన గుండె దానంతట అది కొట్టుకోదు.

ఇంకో మాట. మునిగిన రోజు మన ఢిల్లీబాబు అన్నను కూడా నువ్వు ఇలాగే తిప్పావు. పక్కనే నిలబడి ఏడ్చానే కానీ ఏమీ అనలేదు, అప్పుడు నాకు తెలియదు. ఈ చదువుకు ఎందుకొచ్చానో నీకెప్పుడూ చెప్పలేదు. ఇందుకే. కోపమొస్తే రానీ. ఇంటికి రావద్దంటే రాను, తప్పైందని మాత్రం అనను.

నీ కూతురు,
లోహిత

*

అమ్మా లోహితా,

నాకు రాసేది సరిగ్గా సేతకాదని నీకు తెల్సు. కోపం దిగినంక కూసున్నా.

సుబ్బన్న ఆసుపత్రి నుంచి వచ్చినాడు. నవ్వితే నొప్పంటాడు, అయినా నవ్వతానే ఉండాడు. వాడి వల కూడా నేనే లాగతాండా.

ఆదివారం నువ్వు రాలా. పెద్దలు నన్ను నిలబెట్టి, "ఏం మునస్వామీ, కూతురికి బుద్ధి సెప్పుకోలేవా?" అని అడిగినారు. నేను ఒకటే సెప్పినా. "ఊపిరి లేనోళ్ళను శానామందిని తిప్పినా. ఒక్కరికీ ఎముక ఇరగలా. ఒక్కరూ బతకలా. నా కొడుకుతో సహా."

వచ్చే ఆదివారం రా. రేవు కాడ ఇసకలో నేను పండుకుంటా. యాడ నొక్కాలో, ఎట్లా నొక్కాలో నా రొమ్ము మీద అందరికీ సూపించు. ఇరిగితే ఇరగనీ.

మీ నాయన,
మునస్వామి