కుర్చీ అడుగున

మనామా,
2024 నవంబరు 3, ఆదివారం.

చిరంజీవి షాలేమ్‌కు అమ్మమ్మ దానమ్మ ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో మాట్లాడిన పావుగంటలో పన్నెండు నిమిషాలు, రెండువందల ఏళ్ల కిందట చనిపోయిన ఇంగ్లీషు వడ్రంగిని పొగడడానికే సరిపోయాయి. నీకు ఉలి పట్టడం నేర్పిన తాతయ్య పేరు ఒక్కసారీ రాలేదు. ఫోనులో అడిగితే స్టెల్లా పిన్ని వింటుందని, ఈ ఉత్తరం నీ క్యారియర్‌లో పెడుతున్నాను. ఆ ఇంగ్లీషాయన గొప్పేమిటో రాయి.

ఇట్లు,
అమ్మమ్మ.

తా.క. చేపల పులుసు నీకు. ఇంగ్లీషాయనకు కాదు.

తుబ్లీ,
నవంబరు 4.

అమ్మమ్మకు షాలేమ్ నమస్కారాలు.

ఒక అరబ్బు పెద్దాయన మా షాపుకు, ఆ ఇంగ్లీషాయన చేసిన ఐదు పాత మహాగని కుర్చీలు తెచ్చాడు. వాటికి జోడుగా ఆరోది నేను చెయ్యాలి. తేడా తెలియకపోతే నన్ను మేస్త్రీని చేస్తానని మేనేజరు జగ్గారావు గారు అన్నారు. ఇంగ్లీషాయన ఒక్క మేకు కొట్టలేదు. తాతయ్య అయినా రెండు కొట్టేవాడు. చెయ్యి తగిలే చోటంతా పట్టులా ఉంది. అడుగున మాత్రం రంపం గాట్లు వదిలేశాడు. కనబడని చోట శ్రమ ఎందుకని ఆనాటి పద్ధతి.

నీ మనవడు,
షాలేమ్.

తా.క. ముల్లు గుచ్చుకుంది. నీ ఉత్తరం చదువుతూ తిన్నాను.

మనామా,
నవంబరు 5.

షాలేమ్‌కు,

ఆ రెండు మేకులూ మన పాస్టరుగారి కుర్చీవి. ఆయన నూట పది కిలోలు. ఆ మేకులు సంఘం ధైర్యం కోసం. అడుగున గాట్లు వదిలినవాడు పనివాడా? నీ కుర్చీకి అడుగున ఒక్క గాటు కనిపించినా నువ్వు నా మనవడివి కావు.

అమ్మమ్మ.

తా.క. ఈరోజు ముల్లు లేని పప్పు.

తుబ్లీ,
నవంబరు 10.

అమ్మమ్మకు,

నువ్వు చెప్పినట్టే అడుగు కూడా నునుపు చేశాను. నిన్న పెద్దాయన ఆరు కుర్చీల్లోనూ కూర్చుని చూశాడు. తేడా తెలియలేదు. తరవాత తిరగేయించి, నాది పట్టేశాడు. జగ్గారావు గారు నావైపు చూసి "ఖలాస్" అన్నారు.

కానీ పెద్దాయన నా కుర్చీ అడుగు చాలాసేపు తడిమి, ఇది ఎవరు నేర్పారని అడిగాడు. తాతయ్య అన్నాను. అడుగు ఇలాగే ఉండేలా ఇంకో ఆరు చెయ్యమన్నాడు. నేనే మేస్త్రీని. తాతయ్య పేరు కాగితం మీద రాసుకున్నాడు. ఇప్పుడు సంతోషమేనా?

షాలేమ్.

మనామా,
నవంబరు 11.

షాలేమ్‌కు,

సంతోషం లేదు. మీ తాతయ్య కుర్చీ అడుగు ఏనాడూ చూడలేదు. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, ఉప్పు కాగితంతో రుద్దింది నేను. ముప్పై ఒక్క ఏళ్లలో నాలుగువందల పన్నెండు కుర్చీలు. మెప్పు ఆయనకు, పొట్టు నాకు. ఆయన ఉండగా ఈ మాట అనలేకపోయాను. ఇంగ్లీషాయనకు అడుగు రుద్దే భార్య లేదు కాబట్టి, ఆయన్ని క్షమించాను.

ఇక జరగవలసినవి:

1. ఆ కాగితం మీద తాతయ్య పేరు ఉండనీ. దానికి పైన నా పేరు రాయించు.
2. శుక్రవారం ప్రార్థన కూటం అయ్యాక నన్ను తుబ్లీ తీసుకెళ్లు. ఉప్పు కాగితం నేనే తెచ్చుకుంటాను.
3. ఆ ఆరింటి అడుగూ నేను వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. మేస్త్రీ కూడా.