సాలెం పొట్టేలు

2 మే 2023
మా అరబ్బు యజమాని బాబా కొడుకు సాలెం వచ్చి వెళ్లాడు. సైన్యం యూనిఫాంలో ఈ ఎడారి గొర్రెల దొడ్డిలోకి రావడం ఇదే మొదలు. సోమాలియా వెళ్తున్నాడట. అక్కడి సిపాయిలకు యుద్ధం నేర్పాలి, తీవ్రవాదుల మీదికి వాళ్లతో పాటు పోవాలి. నల్లమూతి పొట్టేలు వీపు తట్టాడు. "నేను తిరిగొచ్చిన రోజు కోసేది దీన్నే, మహబూబ్. బాగా మేపు."

19 మే
దూరంగా సజ్జా ఫ్యాక్టరీల వైపు లారీల మోత. అంతే. పొట్టేలుతో మాట్లాడుతున్నాను, తెలుగులో.

11 జూన్
నీళ్ల ట్యాంకర్ వెంట బాబా వచ్చాడు. సాలెం నుంచి ఫోన్ లేదట. నేను అడగలేదు. తనే చెప్పాడు.

24 జూన్
బక్రీద్‌కు జీవాలు ఏరడానికి బాబా, ఆయన తమ్ముడు వచ్చారు. తమ్ముడు నల్లమూతిదాని కొమ్ము పట్టుకున్నాడు. నోటికొచ్చింది అనేశాను - అది కుంటిది, ఖుర్బానీ బలికి చెల్లదని. నడిపించమన్నాడు. నడిపించాను. చక్కగా నడిచింది. తమ్ముడు నవ్వాడు.
బాబా పుట్టినప్పటి నుంచీ జీవాల మధ్య ఉన్నవాడు. చాలాసేపు చూశాడు.
"కుంటిదే. ఖలాస్, వదిలెయ్."

28 జూన్
పండగ. డబ్బాలో బిర్యానీ పంపారు. ఒక్కణ్ణే తిన్నాను.

17 జూలై
ఇంటికి, రాయచోటికి ఫోన్. కుంటి సంగతి చెబితే మా ఆవిడ నూర్జా ఒకటే నవ్వు. పండగ ముందర అబద్ధమా, గొర్రెల్లో ఉండి ఉండి గొర్రె బుద్ధే వచ్చింది నీకు, అంది. నేనూ నవ్వాను. చాలా రోజులైంది.

9 ఆగస్టు
బాబా ఇంటి డ్రైవర్ కోయా చెప్పాడు. సాలెం వాళ్ల శిబిరం మీద దాడి. సాలెం బతికాడు. కుడికాలు మోకాలి కింద లేదు.
కుంటిది అన్నది నేను.

10 ఆగస్టు
మేత వేశాను. దాని వంక చూడలేదు.

3 నవంబర్
కారు వచ్చింది. సాలెం దిగలేదు, అద్దం దించాడు. చిక్కిపోయాడు. బాబా నా చేతికి కత్తి ఇచ్చాడు. పొట్టేలును తెచ్చాను.
"కుంటిదన్నావట?" సాలెం అడిగాడు.
తల ఊపాను.
"నడిపించు."
కారు చుట్టూ నడిపించాను. ఇంకోసారి అన్నాడు. నడిపించాను. దాని కాళ్లనే చూస్తున్నాడు... తర్వాత అద్దం పైకి లేచింది. బాబా ఎక్కాడు. కారు వెళ్లిపోయింది.

4 నవంబర్
ఎవరూ రాలేదు. కొయ్యమనలేదు, మేపమనలేదు. కత్తి నా దగ్గరే ఉంది. పొట్టేలు మేతకు అరుస్తోంది.