ఏడుగురిని కలిపి కుట్టిన మనిషి

నవంబరు 3, ఉదయం 7

పొగమంచు. యూనివర్సిటీకి బస్సెక్కి కూర్చుంటే ఎక్కడికి పోతున్నానో కాసేపు గుర్తుండదు. అదొక సుఖం.

పక్క సీట్లో టైలర్ కూర్చున్నాడు. నా రీసెర్చ్ పేపర్‌లోని టైలర్. అలాంటి మనిషి ఎక్కడా లేడు. మా దేశంలో రెండేళ్లు నేను తిరిగిన బస్తీలో, ఏడుగురు చెప్పిన మాటలు కలిపి నేనే వాణ్ణి తయారుచేశాను. ఒకరి పని, ఇంకొకరి కుంటికాలు, మరొకరి నోటిదురుసు. పోలీసులు ఎవరినీ గుర్తుపట్టకూడదని. జనం మధ్య తిరిగి రాసే మా సబ్జెక్టులో ఇది మామూలే, కాకపోతే కల్పించామని ఫుట్‌నోట్ పెట్టాలి. నేను పెట్టలేదు. నిజం మనిషైతేనే చదివేవాళ్లు కదులుతారనిపించింది.

ఈ పరాయి దేశపు చలిలో మొద్దుబారిన వేళ్లతో జనం గుండీలెలా పెట్టుకుంటారని అడిగాడు. నవ్వొచ్చింది. నేను దిగేసరికి లేడు.

నవంబరు 9

పేపర్‌కి బహుమతి! నా ఉద్యోగం పర్మనెంట్ కావడం ఇక లాంఛనమేనన్నాడు మా డిపార్ట్‌మెంట్ హెడ్. బస్తీ మీదికి బుల్డోజర్లు వస్తే కుట్టుమిషన్లు, మంచాలు రోడ్డుకు అడ్డం పెట్టించిన టైలర్ అందరికీ తెగ నచ్చాడట. టీ పార్టీలో ముగ్గురు వాడి క్షేమం అడిగారు. బాగానే ఉన్నాడన్నాను. ఏం చెప్పను మరి!

నవంబరు 20, మధ్యాహ్నం

లాయరక్క ఫోన్. బస్తీ కేసులన్నీ ఆవిడే చూస్తుంది. నన్ను ఈ పోరాటాల్లోకి లాక్కొచ్చిందీ ఆవిడే. పోలీసులు నా పేపర్ పట్టుకుని, కుంటి టైలర్ ఎవడని బస్తీ అంతా వెతికారట. నాలుగో వీధిలో ఒకతను దొరికాడట. పట్టుకుపోయారట.

ఆ వీధికి నేను వెళ్లనే లేదు. ఒసేయ్, నిజం చెప్పు, అతన్ని కలిశావా అని అక్క నాలుగుసార్లు అడిగింది. లేదంటే నమ్మదే!

నవంబరు 21

అన్నం సయించడం లేదు.

నవంబరు 24

హెడ్ గదిలో గంటసేపు. పోలీసుల దగ్గర నా పేపర్ తప్ప వేరే ఆధారం లేదని, ఆ టైలర్ కల్పితమని రాసిస్తే అతన్ని వదిలేస్తారని అక్క అంది. అదే చెప్పాను. హెడ్ మెత్తగా మాట్లాడతాడు, అందుకే నాకు భయం. దాన్ని ఇక్కడ ఫ్యాబ్రికేషన్, అంటే దొంగ పరిశోధన, అంటారన్నాడు. పేపర్ పోతుంది, బహుమతి పోతుంది, ఉద్యోగం తన చేతుల్లో ఉండదన్నాడు. కొన్నాళ్లు ఆగి చూడమన్నాడు. కోర్టే తేలుస్తుందట. మా కోర్టుల సంగతి ఆయనకేం తెలుసు!

రాయడానికి సిగ్గుగా ఉంది. ఆగుదామనే అనిపించింది.

డిసెంబరు 1

వారం ఆగాను. లైబ్రరీలో కళ్లు తెరిచే ఉన్నా కల వస్తోంది. అద్దాల అవతల రోడ్డంతా కుట్టుమిషన్లు. కుట్టేవాళ్లు లేరు, చక్రాలు తిరుగుతున్నాయి. స్టూడెంట్లు వాటి మధ్యనుంచి ఒదిగి క్లాసులకు పోతున్నారు. ఆ చప్పుడుకి హాయిగా నిద్ర ముంచుకొచ్చింది. ఆ హాయికి నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్క మెసేజ్. అతని భార్య రోజూ షాపు తెరుస్తోందట. కొలతలు తీయడం రాదు కదా, వచ్చినవాళ్లను రేపు రమ్మంటోందట.

డిసెంబరు 2, మధ్యాహ్నం 3

రాసేశాను. అరపేజీ. ఈ మనిషి లేడు, నేనే కల్పించాను, ఆ ఏడుగురి పేర్లు చెప్పను. నోటరీ ముద్ర వేయించి అక్కకు, హెడ్‌కి, పేపర్ వేసిన జర్నల్‌కి ఒకేసారి పంపాను. ఇన్నాళ్లకు ఆకలేసింది.

డిసెంబరు 15

పేపర్ పోయింది. బహుమతి పోయింది. జూన్ తర్వాత ఉద్యోగం లేదు. కారిడార్‌లో నేను కనిపిస్తే అందరికీ ఫోన్లో ఏదో పని పడుతోంది.

అతను బయటికొచ్చాడు.

డిసెంబరు 18, ఉదయం

అతనే ఫోన్ చేశాడు. నంబరు అక్క ఇచ్చిందట. థాంక్స్ చెబుతాడనుకున్నాను. కోపంగా ఉన్నాడు.

స్టేషన్లో నా పేపర్ మన భాషలో చదివి వినిపించారట. ప్రతి మాటా తనదేనన్నాడు. రోడ్డు మీదికి మొదటి మిషన్ ఈడ్చింది తనేనట, అది చూసే మిగతావాళ్లు తెచ్చారట. కోర్టులో ఆ మాట చెప్పబోతే లాయరమ్మ నోరు మూయించిందట. అంత పని చేసినోణ్ణి పట్టుకుని అసలు లేనే లేడని ఎట్లా రాశావమ్మా అన్నాడు. బస్తీలో అందరూ అదే అంటున్నారట, నువ్వు లేవంటగా అని.

ఏడ్చాను. అతను కాసేపు విని, సర్లే ఊరుకో తల్లీ అని పెట్టేశాడు.

డిసెంబరు 19

నేనే ఫోన్ చేశాను. పేరడిగాను. చెప్పాడు.

ఇక్కడ కూడా రాయను.